కోల్డ్ సైలో వాళ్ళ బొంగురు గొంతు

లాస్ ఏంజెలెస్,
11 అక్టోబరు 1998

ఆర్డిస్ అత్తయ్యకి, నీ చర్చి క్వయర్‌లోంచి పారిపోయిన పై గొంతు టెనరు గాడు రాసేది:

ఫోను చేస్తే "ఈ ఫోను పాడైంది" అని పెట్టేస్తున్నావు. ఇది మూడో ఫోనట కదా, నాన్న చెప్పాడు. ఎల్క్ ప్రెయిరీ మొత్తం మీద మంచి ఫోను ఒక్కటి కూడా అమ్మరా? సరే, ఇక ఉత్తరాలే.

పెద్ద వార్త. మా కోల్డ్ సైలో బ్యాండుకి రికార్డు కంపెనీ దొరికింది. స్టూడియో లోపలంతా చీకటి. ఆ చీకట్లో నల్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు మా ప్రొడ్యూసరు. మొదటి రోజు నువ్వు నేర్పినట్టే నోరు బాగా తెరిచి, వీపు నిండా ఊపిరి పీల్చి పాడాను. ఆయన టేపు ఆపించాడు.

"బాబూ, నువ్వు సంతోషంగా ఉన్నావా?" అన్నాడు.

ఉన్నానండీ అన్నాను.

"అదే తప్పు. నువ్వు పన్ను పీకించుకుని ఇంటికొచ్చావు. చూస్తే ఇంట్లో పెళ్ళాం లేదు, సామానూ లేదు. ఇప్పుడు పాడు."

దవడ బిగించి, గొంతు కడుపులోకి దించి, బొంగురుగా గుర్రుమన్నాను. ఆయన కుర్చీలోంచి లేచొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. నీ దగ్గర నేర్చుకున్న సంగీతమంతా అలా ఒక పంటినొప్పికి ఖర్చయిపోయింది.

ఫొటోలు కూడా తీశారు. నలుగురికీ నల్ల చొక్కాలు, నలుగురి చూపులు నాలుగు దిక్కులు. కెమెరా వైపు చూసినవాడికి బాధ లేనట్టు లెక్కట.

ఒక్కటి మాత్రం చెప్పాలి. పాటలో గట్టిగా అరిచే చోటు దగ్గరకొచ్చేసరికి, ప్రతిసారీ నీ అరచెయ్యి నా వీపుకి తగిలినట్టే ఉంటుంది. "భుజాలు ఎత్తకురా, వీపు నిండనీ" అని చిన్నప్పుడు వెనక నిలబడి అనేదానివే, అలాగే. నిజం చెప్పొద్దూ, భుజాలు ఇప్పటికీ ఎత్తుతూనే ఉన్నాను.

క్రిస్మస్‌కి వచ్చి ఆ నార్వే కీర్తన పాడతానని మాటిచ్చాను కదా. ఈ ఏడు కుదిరేలా లేదు. తిట్టుకో.

నీ మేనల్లుడు,
పంటినొప్పి ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ, విస్కాన్సిన్,
8 నవంబరు 1998

ఒరేయ్ ట్రెంటూ,

తిట్టుకోమన్నావుగా, తీరిగ్గా కూర్చుని అదే పని చేస్తున్నాను. నిన్న చర్చిలో మన నార్వే వాళ్ళ లుటెఫిస్క్ చేప విందు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి మెట్ల దాకా వరసలో నిలబడ్డాయి. నా జుట్టు, నా కోటు, ఈ కాగితం, అన్నీ ఆ చేప కంపే. కిటికీ తెరుచుకుని చదువు.

కోల్డ్ సైలో ఏమిట్రా నీ మొహం! పాల రైతు మనవడివి. ఆవుల మేత నింపే ఆ పొడుగాటి సైలోలో మేత ఊరుతుంటే వెచ్చగా ఉంటుంది. చల్లగా ఉందంటే లోపల ఏమీ లేదని అర్థం. ఆ పేరు పెట్టుకుని ఊరూరా తిరుగుతారా? మన క్వయర్‌లో లావు బేస్ గొంతు ఆర్విల్‌కి చెబితే నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు.

ఇక్కడ టెనర్ల వరసలో ఇద్దరే మిగిలారు. ఒకడికి ఊపిరి లేదు, ఇంకొకడికి శ్రుతి లేదు. నీ పద్నాలుగో ఏట ఆ కీర్తన చివర పై స్వరం పట్టుకుని వదలకుండా నిలబెట్టావే, గుర్తుందా? చర్చిలో దగ్గేవాళ్ళు కూడా దగ్గు ఆపుకున్నారు. నాకది ఇంకొక్కసారి వినాలని ఉందిరా. ఎప్పుడో కాదు, తొందరగా. ఎందుకు తొందర అని అడక్కు, చెప్పను.

దవడ బిగించి పాడితే గొంతు పోతుంది. ఆ నల్లద్దాలాయనకి చెప్పు, మా అత్త చెప్పిందని చెప్పు.

లుటెఫిస్క్ కాస్త పార్సిల్ చేద్దామనుకున్నాను. పోస్టాఫీసు వాళ్ళు తలుపు దగ్గరే ఆపేశారు.

చేప కంపు గల నీ అత్త,
ఆర్డిస్

*

టల్సా, ఓక్లహామా, బస్సులో,
19 జూన్ 2000

అత్తయ్యా,

ఇంట్లో రేడియో ఉంటే కట్టెయ్యి. పెట్టావంటే నేను వస్తాను. మా "మంచు కింద" పాట ఎక్కడ పడితే అక్కడ మోగుతోంది. మొన్న పంటి డాక్టరు దగ్గరికెళ్తే అక్కడా అదే. ప్రొడ్యూసరు కోరిక పూర్తిగా తీరినట్టే.

దానికి వీడియో తీశారు. పాట మంచు గురించి, కానీ దర్శకుడికి మంచు నచ్చలేదు, వాన పోయించాడు. రోజంతా గొట్టాల కింద తడుస్తూ మోకాళ్ళ మీద పడి చేతులు చాచాను. ఎవరి వైపు చాచాలి అని అడిగాను. "అది నాకూ తెలీదు, నువ్వు చాచు" అన్నాడు. మూడు వారాలు జలుబు.

మమ్మల్ని మెచ్చుకునేవాళ్ళు కొందరున్నారు, తిట్టేవాళ్ళు అందరూ ఉన్నారు. మాలాంటి బ్యాండ్లు ఇంకో పది ఉన్నాయని, కళ్ళు మూసుకుంటే ఏది ఏదో తెలీదని పేపర్లో రాశారు. కళ్ళు తెరిచినా తెలీదు, ఆ ముక్క రాయలేదు. డెన్వర్ ఎయిర్‌పోర్టులో ఒకావిడ ఏడుస్తూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "విడాకులప్పుడు నీ పాటే నన్ను బతికించింది బాబూ" అంది. ఏ పాటమ్మా అంటే పల్లవి పాడింది. అది మాది కాదు. మాది కాదమ్మా అందామంటే ఆవిడ ఏడుపు ఆపడం లేదు. ఆ పాట పాడినవాడి పేరే రాసి సంతకం పెట్టిచ్చాను. వాణ్ణి తర్వాత ఒక ఉత్సవంలో కలిశాను. "నీ పేరు మీద నేనూ చాలా సంతకాలు పెట్టాను భయ్యా" అన్నాడు.

ఈ మధ్య నేను పొద్దున లేచినా నా గొంతు మాత్రం మధ్యాహ్నం దాకా లేవడం లేదు. దాన్ని లేపడానికి తేనె, అల్లం, ఇంకా నీకు చెప్పకూడనివి తాగుతున్నాను.

క్రిస్మస్‌కి జపాన్‌లో ఉంటాం. వచ్చే ఏడు తప్పకుండా.

ఒంటినిండా వానతో,
ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ,
3 సెప్టెంబరు 2000

ట్రెంటూ,

కిరాణా కొట్లో గుడ్లు తీసుకుంటుంటే నెత్తి మీద నువ్వు మొదలెట్టావు. ఉడుకుడుకు బంగాళాదుంప నోట్లో పెట్టుకుని, అది మింగలేక కక్కలేక పాడుతున్నట్టుంది. అయినా చివరిదాకా అక్కడే నిలబడ్డాను. ప్రతి ముక్కా వినపడింది.

ఈ ఏడు పిల్లల క్వయర్ వేరేవాళ్ళకి అప్పగించేశాను. ఈ కాలం పిల్లలు నోరు తెరవడం లేదు, అందరూ గొణుగుడే. పెద్దవాళ్ళ క్వయర్ మాత్రం నా చేతిలోనే ఉంది.

వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటున్నావు. నాకు వచ్చే ఏళ్ళు ఉన్నాయిరా, అది కాదు సంగతి. నువ్వు రా. కీర్తన నేను ఎవరికీ ఇవ్వకుండా అట్టే పెట్టాను.

గుడ్లు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చిన,
నీ అత్త

*

మిల్వాకీ,
22 మార్చి 2004

అత్తయ్యా,

ఈ కాగితం తప్ప ప్రస్తుతం నాకు నోరు లేదు. నువ్వు చెప్పిందే అయింది. దున్నేవాడి అరచేతికి కాచినట్టు నా గొంతు తీగలకి కాయలు కాచాయట. డాక్టరు కోసి తీసేశాడు. ఆరు వారాలు మాట్లాడకూడదు, గుసగుస కూడా ఆడకూడదు. మెళ్ళో పలక వేసుకుని తిరుగుతున్నాను. కాఫీ కొట్లో పిల్ల నాకు చెవుడనుకుని నా మొహంలోకి కేకలేస్తోంది.

నాలుగేళ్ళ సంగతులు నాలుగు ముక్కల్లో. రెండో ఆల్బమ్ మొదటిదానిలాగే ఉందన్నారు. మూడోది మొదటిదానిలా లేదన్నారు. కంపెనీ మమ్మల్ని వదిలేసింది. పోయిన వేసవిలో ఒక జాతరలో ట్రాక్టర్ల పోటీకీ పందుల పరుగు పందేనికీ మధ్య పాడాం. పందులకే జనం ఎక్కువ. గొంతు రానప్పుడల్లా మైకు జనం వైపు తిప్పేవాణ్ణి, మిగతా పాట వాళ్ళే పాడుకునేవాళ్ళు. "జనంలో కలిసిపోయిన గాయకుడు" అని ఒక పేపరు నన్ను ఆకాశానికెత్తింది. మూడేళ్ళలో నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కటే, అదీ నేను పాడనందుకు.

ఈ వేసవి ప్రోగ్రాములు ఒప్పేసుకున్నాం కనుక నా బదులు ఇండియానా నుంచి కోరీ ప్రూయిట్ అనే కుర్రాణ్ణి తెచ్చారు. మమ్మల్ని అనుకరించే బ్యాండు ఒకటుందట, దాంట్లో వీడు "నేను". దాని పేరేమిటో తెలుసా? వార్మ్ సైలో. వాళ్ళ సైలోలో మేతన్నా ఉందన్నమాట.

ఇక్కడ తోచక పాత ఉత్తరాలు తిరగేస్తున్నాను. మూడు ఆల్బములూ నీకు పంపాను. విన్నానని ఒక్క మాట రాయలేదు. కిరాణా కొట్లో ప్రతి ముక్కా వినపడిందని దెప్పావు, అంతే. మా పాటల్లో ఒక్క ముక్కా ఎవరికీ అర్థం కాదని లోకానికంతా తెలుసు. నన్ను చూసి సిగ్గుపడుతున్నావని అర్థమైంది. నేనూ అదే పనిలో ఉన్నాను, కాబట్టి మన మధ్య గొడవేం లేదు.

నోరు మూసుకున్న నీ మేనల్లుడు,
ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ,
9 ఆగస్టు 2004

నా బంగారు కొండా,

ఆ డాక్టరు చేతులకి దణ్ణం పెట్టాలిరా! మన కౌంటీ జాతరకి కోల్డ్ సైలో వస్తోందని గోడ మీద నీ ఫొటోతో సహా చూసి, నీ బదులు ఎవరో కుర్రాడని రాశావు గానీ నువ్వే వస్తున్నావనుకుని, ఆర్విల్‌ని తీసుకుని వచ్చాను. మాట కూడా ఇంకా సరిగ్గా రావడం లేదని మీ నాన్న అంటే, ఏం పాడతావోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. అదే టోపీ, అదే జుట్టు, అదే నల్ల చొక్కా. నోరు విప్పావు చూడు, ఆ బొంగురు నా పక్కటెముకల్లోకి వచ్చి కూర్చుంది. ఏడ్చేశాను. పక్కన ఆర్విల్ "వాడేనా?" అని ఏదో సణుగుతుంటే నోర్మూసుకుని వినమన్నాను.

ఇక నా కోపం. పుల్లటి రూబార్బ్ కాడలతో తీపి ముక్కలు పళ్ళెం నిండా చేసుకుని వచ్చాను, నీకిష్టమని. బస్సు దగ్గర చేతిలో పెడితే "థాంక్యూ మేడమ్" అని తీసుకుని ఎక్కేశావు. మేడమా? ముక్కు తుడిచి పెంచినదాన్ని, నేను మేడమ్‌నా? పెద్దవాడివయ్యావని తెలుసు, మరీ అంత పెద్దవాడివయ్యావని తెలీదు.

పళ్ళెం తిరిగి పంపు.

మేడమ్ ఆర్డిస్ హోవ్లాండ్

*

మిల్వాకీ,
15 ఆగస్టు 2004

అత్తయ్యా,

అది నేను కాదు.

వాడే కోరీ ప్రూయిట్. నువ్వు పెట్టిన ముక్కలు అద్భుతమని చెప్పమన్నాడు, పళ్ళెం కడిగి నాకు పంపాడు. చాలా మంచివాడు. వాణ్ణి తిట్టుకునే అదృష్టం కూడా నాకు లేదు.

లోకం మొత్తం వాణ్ణి చూసి నేననుకున్నా నవ్వుకున్నాను. నన్ను పెంచిన మనిషి కూడా అనుకుందని తెలిసి నవ్వు రాలేదు. ఆ గొంతు నేను చేసినప్పుడు బంగాళాదుంప, వాడు చేస్తే పక్కటెముకల్లో కూర్చుందా?

మా డ్రమ్ముల లైల్ ఫోను చేశాడు. "నువ్వు తిరిగొచ్చావని జనం సంబరపడుతున్నారు. ఇప్పుడు నువ్వు నిజంగా వస్తే గందరగోళం అవుతుందిరా" అన్నాడు. సరే, వాణ్ణే ఉంచుకోండి అన్నాను. ఎందుకంటే వాడు చెప్పింది నిజం. అలా నా బ్యాండులోంచి నన్ను నేనే తోసేశాను.

ఎలాగూ ఇంక బొంగురు లేదు. ఇంకొక్క పాట అలా పాడితే ఈసారి మాట కూడా మిగలదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. కానీ ఒకటి జరుగుతోంది అత్తయ్యా. గ్లాసుడు నీళ్ళలో స్ట్రా పెట్టి, అందులోకి కూనిరాగం తీస్తూ బుడగలు ఊదమన్నారు. పసిపిల్లాడిలా రోజూ ఊదుతున్నాను. ఆ బుడగల కిందనుంచి నా పాత గొంతు పైకొస్తోంది. సన్నగా, శుభ్రంగా, నువ్వు నేర్పినది. నిన్న ఆ కీర్తన చివరి స్వరం దాకా వెళ్ళి తాకి వచ్చాను.

క్రిస్మస్ సాయంత్రానికి వస్తున్నాను. ఈసారి ఎవరు ఎవరో నీకే తెలుస్తుంది.

అసలు ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ,
27 డిసెంబరు 2004

ట్రెంట్ హోవ్లాండ్ గారికి,

మీరు ఎందుకలా చేశారో నాకు అర్థం కాలేదు.

ఇలా మర్యాదగా రాద్దామనుకున్నాను గానీ నావల్ల కాదు. ఎందుకు చేశావురా? నీకెదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. మొదటి చరణం ఏదో లీలగా వచ్చింది. తర్వాత నోరు ఆడించావు. ఒట్టి నోరు! పెదాలు తెరిచావు, మూశావు, ఆ చివరి స్వరం దగ్గర నోరు ఇంత తెరిచి నిలబడ్డావు. ఏమీ రాలేదు. పాస్టరమ్మ కళ్ళు తుడుచుకుంది, ఏడ్చినట్టు నటించేంత మర్యాద ఆవిడకుంది. జనం అంతా కదలకుండా కూర్చున్నారు, పాపం, వాళ్ళకి సిగ్గేసి ఉంటుంది.

గొంతు రాలేదని చెప్పు, ఫరవాలేదు, పక్కన కూర్చోపెట్టి కాఫీ ఇస్తాను. రికార్డు పెట్టి నోరు ఆడించడాలు మీ టీవీల్లో చేసుకో. నా చర్చిలోనా? ఆ స్వరం కోసం ఆరేళ్ళు కూర్చున్నానురా నేను. అందుకే వంటగదిలోకి వెళ్ళిపోయాను. నువ్వు తలుపు కొట్టావేమో, నేను తియ్యలేదు.

ఆర్డిస్

*

మిల్వాకీ,
6 జనవరి 2005

అత్తయ్యా,

దీనికి ముందు ఒక ఉత్తరం రాసి చింపేశాను. అందులో ఉన్న మాటలు మేనల్లుడు అత్తకి రాసేవి కావు.

నేను పాడాను. ఏ రికార్డూ లేదు. పుట్టి బుద్ధెరిగాక అంత బాగా ఎప్పుడూ పాడలేదు. నాకే పిచ్చెక్కిందేమోనని ఆర్విల్‌కి ఫోను చేశాను. "ఒరేయ్, నువ్వు ఆ స్వరం పట్టినప్పుడు నా పక్కవాడి చేతిలోంచి పాటల పుస్తకం జారి కింద పడింది. అందరూ ఉలిక్కిపడ్డారు, మీ అత్త తప్ప" అన్నాడు.

ఆ మాట విన్నాక నా కోపం పోయింది. ఆ రోజు పొద్దున నీ వంటింట్లో కాఫీ నీళ్ళ కెటిల్ ఈల వేస్తూనే ఉంటే, నేనే వచ్చి కట్టాను. నువ్వు దాని పక్కనే నిలబడి బంగాళాదుంపలు తరుగుతున్నావు. పాడైపోయిన నీ ఫోన్లన్నీ గుర్తొచ్చాయి. గొణిగే పిల్లలు గుర్తొచ్చారు. కోరీ గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళూ నా గొంతు గురించి ఏడ్చుకుంటూ కూర్చున్నాను, నీ చెవుల గురించి ఒక్కసారి అడగలేదు. నాలాంటి తెలివైనవాణ్ణి మా బ్యాండు ఊరికే వదులుకోలేదు.

సన్నటి గొంతులు నీకు ఎప్పట్నుంచి వినపడటం లేదు అత్తయ్యా?

దెప్పడం లేదు. భయమేసి అడుగుతున్నాను.

ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ,
2 ఫిబ్రవరి 2005

ట్రెంటూ,

కెటిల్‌తో కాదు, పిట్టలతో మొదలైంది. ఒక వసంతంలో పిట్టలు రాలేదేమిటా అనుకున్నాను. మీ నాన్నని అడిగితే వింతగా చూశాడు. వచ్చాయట.

నువ్వు కాలిఫోర్నియా వెళ్ళిన ఏడాదే డాక్టరు చెప్పాడు, పైనుంచి కిందికి ఒక్కొక్క మెట్టే పోతాయని. అందుకే తొందరగా రమ్మన్నాను. కారణం చెబితే జాలిపడి వస్తావు. జాలితో పాడేవాడికి శ్రుతి నిలవదు. క్వయర్‌ని నోళ్ళు చూస్తూ నడిపించాను. ఎవరు ఎక్కడ తప్పుతారో మొహాల్లోనే తెలిసిపోతుంది, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న మొహాలేగా. చెవిలో పెట్టుకునే మిషను కొన్నాను, అది పాటని రేకు డబ్బా చేసింది. తీసి డ్రాయర్లో పడేశాను.

కిరాణా కొట్లో ప్రతి ముక్కా వినపడిందన్నాను చూడు, దెప్పలేదురా. నిజంగా వినపడింది! అన్ని గొంతులూ ఆవిరైపోతుంటే నీ దిక్కుమాలిన బొంగురు ఒక్కటే నా దాకా వచ్చింది. అప్పట్నుంచి కారులో కూర్చుని, తలుపులు బిగించుకుని, వీపు సీటుకి ఆనించి వినేదాన్ని. సీటు అదిరేది, నా వీపు అదిరేది. మొదటి ఆల్బమ్ గీతలు పడి పాడైతే ఇంకొకటి కొనుక్కున్నాను. విన్నానని రాస్తే, ఎన్నిసార్లు, ఎందుకు అని అడుగుతావని రాయలేదు. సిగ్గుపడుతున్నానని రాశావు. పిచ్చి సన్నాసీ, మీ బ్యాండుకి నాకంటే పెద్ద అభిమాని ఈ దేశంలో ఎవరూ లేరు. ఆర్విల్‌ని అడుగు, వాడికి మీ మూడో ఆల్బమ్ కూడా కంఠతా వచ్చు, పాపం.

ఇప్పుడు చూడు మన ఘనకార్యం. నాకు వినపడే గొంతు కోయించుకుని, నాకు వినపడని గొంతు తెచ్చి, నాకోసమే నా ముందు పాడావు. నేను నిన్ను దొంగలా చూశాను. ఆ రోజు నువ్వు ఎలా ఇంటికెళ్ళావో అడగను కూడా అడగలేదు. క్షమించరా.

ఈస్టరు తర్వాత క్వయర్ మానేస్తున్నానని పాస్టరమ్మకి చెప్పాను. ఆ స్వరం ఇంక నాకు లేదు. ఈ వాక్యం రాయడానికి పొద్దుట్నుంచి కూర్చున్నాను. రాశాను, అయిపోయింది.

నీ అత్త

*

కార్డు, మిల్వాకీ,
14 మార్చి 2005

అత్తయ్యా,

వార్మ్ సైలోకి గాయకుడు కావాలట, వాళ్ళ కోరీ మా దాంట్లోకొచ్చాడుగా. సరదాకి నా ఇప్పటి గొంతుతో ఒక పల్లవి పంపాను. "ట్రెంట్ హోవ్లాండ్ పోలికలు అస్సలు లేవు" అని జవాబొచ్చింది. కాబట్టి ఖాళీగానే ఉన్నాను.

కారు సీటుకి వీపు ఆనించి వినేదాన్నని రాశావు. అది చదివిన దగ్గర్నుంచి ఒక ఆలోచన తొలుస్తోంది. ఈస్టరు ముందు రోజు మధ్యాహ్నం వస్తాను. చర్చి తాళాలు తెచ్చుకో. చేతులకి తొడుగులు తెచ్చుకోకు.

ట్రెంట్

*

ఎల్క్ ప్రెయిరీ,
29 మార్చి 2005

ట్రెంటూ,

నువ్వు వెళ్ళి రెండు రోజులైంది, నా కుడిచెయ్యి ఇంకా నాది కానట్టే ఉంది.

చర్చిలో ఎవరూ లేరు, మర్నాటికి తెచ్చిన లిల్లీ కుండీలు తప్ప. నువ్వు నాకు వీపు చూపించి నిలబడ్డావు. వెనక్కి తిరిగి "చెయ్యి పెట్టు" అన్నావు, పెదాలు చూసి తెలుసుకున్నాను. చిన్నప్పుడు నా అరచేతికి సరిపోయే వీపు, ఇప్పుడు రెండు చేతులు పెట్టినా చాలదు. ఏం జరగదనే అనుకున్నాను. నీ సంతోషం కోసం పెట్టాను, ఉన్న మాట చెబుతున్నాను.

ముందు ఊపిరి నిండింది. తర్వాత పాట మొదలైంది. కింది స్వరాలు నడుము దగ్గర మొదలయ్యాయి. పాట పైకి వెళ్ళేకొద్దీ నా చెయ్యీ దాని వెంటే వెళ్ళింది, భుజాల మధ్యకి. చరణం ఎక్కడ మారిందో నాకు తెలుస్తూనే ఉంది. ఆ చివరిది వచ్చింది చూడు. సన్నగా, వణక్కుండా, ఆగకుండా, నా మణికట్టు దాకా వచ్చింది. అదేరా. పద్నాలుగో ఏట పట్టుకున్నదే. ఎక్కడున్నా దాన్ని నేను గుర్తుపడతాను. ఈసారి కోరీ ప్రూయిట్ వీపు పెట్టినా నేను మోసపోయేదాన్ని కాదు.

నువ్వు ఇటు తిరిగేసరికి నేను ఏడుస్తున్నాను. నువ్వూ ఏడుస్తున్నావు. కోల్డ్ సైలో వీడియోలో కూడా ఇంత తడవలేదేమో.

పాస్టరమ్మతో మాట్లాడాను. క్వయర్ నువ్వు తీసుకుంటావు. అడగడం లేదు, చెబుతున్నాను. నీ నల్ల చొక్కాలు వేసుకుని రా, ఇక్కడ ఎవరికీ అభ్యంతరం లేదు. నేను వెనక నిలబడి ఒక్కొక్కరి వీపు చూస్తాను. ఆర్విల్‌ది ఒక్కటి నువ్వే చూసుకో, వాడు లుటెఫిస్క్ రోజుల్లో స్నానం సరిగా చెయ్యడు.

ఒక్క తప్పు చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. ఆ చివరి స్వరానికి ముందు భుజాలు ఎత్తావు. చెయ్యి కింద స్పష్టంగా తెలిసింది. ఎత్తకురా.

నీ అత్త,
ఆర్డిస్